తెర మీద రెండు నిమిషాలు... పిడుగురాళ్ళ రోడ్డు మీద రోజూ!

సెకండ్ షో వదిలాక ఏ ఊళ్ళోనైనా సరే, థియేటర్ ముందు ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ఆ సినిమాలో హీరో మోటారుసైకిలు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చాడా... ఇక అంతే! స్టాండులోంచి బయటికొచ్చే ప్రతి బండీ ఆ రాత్రి గర్జిస్తుంది. రోజూ పాలక్యాన్లు మోసే ముసలి బండి కూడా! నవ్వకండి. మీరూ నేనూ అందరం ఆ గర్జన చేసినవాళ్ళమే.

నరసరావుపేటలో ఉన్న మా పిన్ని కొడుక్కి ఆ గర్జన ఇంకా చెవుల్లోంచి పోలేదు. వయసు ఇరవై నాలుగు. ఉద్యోగం పిడుగురాళ్ళలో. పొద్దున్నే నకరికల్లు అడ్డరోడ్డు మీదుగా వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగొస్తాడు. రానూ పోనూ ఎనభై కిలోమీటర్ల దాకా. ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్న పాత వంద సీసీ బండితోనే లాక్కొచ్చాడు. సంక్రాంతి వెళ్ళిన కొత్తలో నాకు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ బండొకటి తగిలింది. నాలుగొందల సీసీకి కాస్త తక్కువ. నలభై పైన హార్స్‌పవర్! నువ్వొచ్చి నాన్నకి చెప్పాల."

"ఏమని చెప్పాలిరా?"

"రోజూ డ్యూటీకి కూడా పనికొస్తదని!"

బండి వాడి స్నేహితుడిదే. కావలిస్తే వారం రోజులు నడిపి చూసుకోమన్నాడు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడమెందుకని నేనే బయలుదేరి వెళ్ళాను. ఆరు రోజులు వాడి బదులు నేను ఆ బండెక్కి పిడుగురాళ్ళ వెళ్ళొచ్చాను. వాడు పాత బండి మీద నా వెనకాలే! బండి పేరు మాత్రం అడగొద్దు. ఆ తరహా బళ్ళన్నిటిదీ ఇంచుమించు ఇదే కథ.

బాబీ నుంచి ధూమ్ దాకా

అసలీ మోజు మనకి ఎక్కడిది? సగం సినిమాల నుంచి వచ్చిందే. 1973లో 'బాబీ' విడుదలైంది. అందులో రిషికపూర్ నడిపిన రాజ్‌దూత్ జీటీఎస్‌కి జనం 'బాబీ బండి' అనే పేరు పెట్టేశారు. 1983లో యమహా వారి ఆర్‌డీ 350 మన దేశంలో రాజ్‌దూత్ 350గా తయారైంది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఎక్కువ శక్తి ఉన్న రకానికి ముప్పై హార్స్‌పవర్! 1985లో ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. చూడ్డానికి ఇంతే, ఉరుకు మాత్రం అంత! 1996లో దాని తయారీ ఆగిపోయింది. ఆగిపోయిన ఇరవై రెండేళ్ళకి, 2018లో, అదే పేరుతో తెలుగులో ఓ సినిమా వచ్చి జనం ఎగబడి చూశారంటే ఆ బండి మీద అభిమానం ఎంతటిదో ఊహించుకోండి. ఇక 2004 నాటి 'ధూమ్'లో జాన్ అబ్రహాం ఎక్కిన సుజుకి హయబుసా సంగతి చెప్పాలా? పదమూడు వందల సీసీ! ఆ సినిమా చూసిన తర్వాత రాత్రిపూట నిద్రపట్టని కుర్రాడు లేడు.

కానీ ఒక్క సంగతి. తెర మీద ఆ బండి కనిపించేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం రోడ్డు కట్టేస్తారు. ఎదురుగా లారీ రాదు, గేదె రాదు. ప్రమాదమైన చోట హీరో బదులు ఫైటర్ ఎక్కుతాడు. కెమెరాని నేలకి దగ్గరగా పెడితే నలభైలో పోయే బండి వందలో పోతున్నట్టుంటుంది. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు తియ్యాల్సిన చోట కాస్త తగ్గించి తీస్తే, తెర మీద ఇంకా జోరుగా పరుగెడుతుంది. పిడుగురాళ్ళ రోడ్డు మీద మనకి ఈ సదుపాయాలేవీ లేవు!

మొదటి రోజు మురిపెం

అబద్ధం చెప్పడమెందుకు? మొదటి రోజు పొద్దున ఏడింటికి పేట దాటాక నా ఒళ్ళు పులకరించింది. అడ్డరోడ్డు దగ్గర నాలుగు వరసల రోడ్డెక్కి ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పానో లేదో, ముందున్న బస్సు వెనక్కి వెళ్ళిపోయింది. వంద సీసీ బండి మీద లారీని దాటాలంటే ముందు దణ్ణం పెట్టుకోవాలి. దీని మీద ఆ అవసరం లేదు. బ్రేకులూ గట్టివే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోదు. ఈ రెండు సుగుణాలూ ఒప్పుకోవాల్సిందే.

కొండమోడు దాటి పిడుగురాళ్ళలో అడుగుపెట్టాక అసలు సినిమా మొదలైంది! సున్నపు బట్టీల ఊరది. సున్నపురాయి లారీలు, ఆటోలు, రోడ్డంతా తెల్లటి దుమ్ము. గంటకి నూట అరవై పోగల బండి అక్కడ పదిహేనులో పోవాలి. ఆ వేగంలో దానికి ఊపిరాడదు. ఫస్టు గేరులో గింజుకుంటుంది, సెకండులో వణుకుతుంది. క్లచ్చి పట్టీ పట్టీ ఎడమచెయ్యి లాగేస్తుంది. హ్యాండిల్ కిందికి ఉంటుంది కనక ఒంటి బరువంతా మణికట్ల మీద. ఇంతలో రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలెట్టి, ఇంజను వేడినంతా మోకాళ్ళ మీదికి ఊదుతుంది. ఇది ఫిబ్రవరి ముచ్చట. మరి మే నెలలో రెంటచింతల ఎండలో దీన్ని నడిపితే? ఎండలకి పేరుమోసిన ఊరది. అక్కడ పైనుంచి సూర్యుడు, కిందనుంచి ఇంజను!

సాయంత్రానికి చెయిన్ మీద సున్నపు దుమ్ము పూతపూసినట్టు అంటుకుంది. ఇలాంటి దుమ్ము రోడ్ల మీద తిరిగితే అయిదారు వందల కిలోమీటర్లకోసారి చెయిన్ కడిగి ఆయిల్ పెట్టాలి. వీడి ప్రయాణానికి అంటే వారానికోసారన్నమాట.

"ఇదేం సీటురా!"

మూడో రోజు పిన్ని కోటప్పకొండ వెళదామంది. శివరాత్రి తిరునాళ్ళకి ప్రభలు బయలుదేరాక ఆ రోడ్డు మీద కాలు పెట్టే సందుండదు, ముందే స్వామిని చూసొద్దామని ఆమె ఆలోచన. గుమ్మంలోకి వచ్చి బండి చూసి ఆగిపోయింది.

"ఇదేం సీటురా! పీటలో సగం కూడా లేదు. చీర కట్టుకుని దీని మీద నేనెట్టా కూర్చోవాల?"

వాడు నా మొహం చూశాడు. నేను బండి మొహం చూశాను. వెనక సీటు అరచేయంత. పైగా చీరకొంగు చక్రంలో పడకుండా ఉండే జాలీని, అందం చెడుతుందని పాత ఓనరు ఎప్పుడో పీకేశాడు. బియ్యం బస్తా ఎక్కదు, గ్యాస్ బండ ఎక్కదు, కన్నతల్లి ఎక్కదు! పిన్ని ఆ రోజు ఆటోలో వెళ్ళింది.

కాస్త లెక్క వేద్దామా?

నెలకి పాతిక రోజుల పని అనుకోండి. రెండు వేల కిలోమీటర్లు. పాత బండి లీటరుకి అరవై ఇస్తోంది. అంటే ముప్పై మూడు లీటర్లు చాలు. ఈ కొత్త మహారాజు నా చేతిలో ఇరవై అయిదు ఇచ్చాడు. ఎనభై లీటర్లు! నెలనెలా నలభై ఏడు లీటర్ల పెట్రోలు అదనం. వెడల్పు టైర్ల ఖరీదు వేరు. ఇన్సూరెన్సు వేరు.

పోనీ, టైమన్నా కలిసొచ్చిందా? అన్నదమ్ములిద్దరం ఒకేసారి బయలుదేరి గడియారం చూసుకున్నాం. నేను వాడికంటే ముందు చేరింది ఏడు నిమిషాలు! అంతే సుమా. మధ్యలో ఊళ్ళున్నాయి, గేట్లున్నాయి, గొర్రెల మందలున్నాయి. తెరిపి దొరికిన చోట సంపాదించిన నిమిషాల్ని జనం ఉన్న చోట తిరిగి ఇచ్చెయ్యాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక బండి ఆగడానికి కావలసిన దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. నలభైలో ఉన్నప్పుడు పది మీటర్లలో ఆగే బండి, ఎనభైలో నలభై మీటర్లు తీసుకుంటుంది. ఏబీఎస్ ఈ లెక్కని మార్చలేదు.

బాబాయి నోరు విప్పిన రాత్రి

అయిదో రోజు తిరిగొస్తుంటే చీకటిపడింది. నకరికల్లు దాటాక హఠాత్తుగా నా ముందు ఓ నల్లటి గోడ! మిర్చి బస్తాల ట్రాక్టరు. వెనక లైటు లేదు, ఎర్ర బిళ్ళ లేదు. రెండు బ్రేకులూ పట్టాను. ట్రక్కుకీ నా ముందు చక్రానికీ మధ్య జానెడు సందు. నేనప్పుడు యాభైలో ఉన్నాను. వెనకాలే వచ్చిన తమ్ముడు బండాపి ఏం మాట్లాడలేదు. ఇద్దరం రోడ్డు పక్కన కాసేపు కూర్చున్నాం. నా చేతులు వణుకుతున్నాయి. మిర్చి ఘాటుకి కాదు.

ఇంటికెళ్ళి ఆ సంగతి చెప్పాం. అయిదు రోజులుగా బండి గురించి ఒక్క ముక్క అనని బాబాయి అప్పుడు నోరు విప్పాడు.

"మా జట్టులో ఒకడికి రాజ్‌దూత్ 350 ఉండేదిరా. బండంటే బండే అది! ఇంజనేమో ఉరకమంటది, డ్రమ్ము బ్రేకేమో ఆగనంటది. ఒకనాడు సెకండ్ షో చూసి మాచర్ల నుంచి వస్తా లాంతరు లేని ఎడ్లబండిని గుద్దుకున్నాడు. ఆ పొద్దు వెనక నేను కూర్చోవాల. నాకు జొరమొచ్చి పోలేదు. వాళ్ళమ్మకి ఆ కబురు చెప్పింది నేనే."

పిన్నికి కూడా ఈ సంగతి తెలియదట. బాబాయి ఇంకేమీ అనలేదు. వద్దనీ అనలేదు, కొనమనీ అనలేదు. లేచి వెళ్ళి పడుకున్నాడు.

పాతకాలం కథ అని కొట్టిపారెయ్యకండి. 2021 సెప్టెంబరు 10న, వినాయకచవితి నాడు, హైదరాబాదులో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర హీరో సాయిధరమ్ తేజ్ స్పోర్ట్స్ బండి జారిపడింది. రోడ్డు మీది మట్టి! చుట్టూ కెమెరాలు లేవు, ఫైటర్లు లేరు. తలకి హెల్మెట్ ఉంది. ఎన్నో రోజులు ఆసుపత్రిలో ఉండి, అక్టోబరు 15న, తన పుట్టినరోజునాడే ఇంటికి చేరాడు. 2023లో 'విరూపాక్ష'తో మళ్ళీ మన ముందుకొచ్చాడు. హెల్మెట్ పెట్టుకోండని ఆ తర్వాత ఎన్నో వేదికల మీద అభిమానుల్ని బతిమాలాడు. తెర మీద చెప్పిన ఏ డైలాగుకన్నా ఆ మాటకి విలువెక్కువ.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో నూటికి నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీదివాళ్ళే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029 మంది. వెనక కూర్చున్నవాళ్ళూ ఆ లెక్కలో ఉన్నారు.

మరి కొనాలా, వద్దా?

ఈ మాట మీరూ అడుగుతారని తెలుసు. ఆ బళ్ళు చెడ్డవి కావు. గట్టి బ్రేకులు, మంచి టైర్లు, అవసరానికి దాటగలిగే సత్తువ... అన్నీ ఉన్నాయి. ఆఫీసుకి ఖాళీ రోడ్డు మీద ఒక్కడే వెళ్ళేవాడు, పెట్రోలు ఖర్చుకి వెనకాడనివాడు నిక్షేపంగా వాడుకోవచ్చు. కొన్నవాళ్ళకి నాలుగు మాటలు. ముందు ఖాళీ మైదానంలో బ్రేకు పట్టడం నేర్చుకోండి, తర్వాత వేగం సంగతి. చెయిన్, టైర్లలో గాలి వారానికోసారి చూసుకోండి. చీకటి పడ్డాక మీ లైటు ఎంతదూరం పడుతుందో, అంతలో ఆగగలిగే వేగంలోనే వెళ్ళండి. పద్దెనిమిది నిండని తమ్ముడికి తాళం ఇవ్వొద్దు. 2019లో మారిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకి మూడేళ్ళ దాకా జైలు, పాతిక వేలు జరిమానా.

ఆరో రోజు మా తమ్ముడు తాళాలు తీసుకెళ్ళి స్నేహితుడికి ఇచ్చేశాడు. "శివరాత్రి వెళ్ళాక చెప్తాలేరా" అన్నాడట. వాడి మనసులోంచి ఆ గర్జన పోయిందని నేననుకోను. పోవాలనీ లేదు. ఇరవై నాలుగేళ్ళకి ఆ మాత్రం ఉండాలి!

కానీ అడ్వాన్సుకని దాచిన డబ్బులోంచి ఆ సాయంత్రమే ఐఎస్ఐ మార్కు ఉన్న హెల్మెట్లు రెండు కొనుక్కొచ్చాడు. ఒకటి తనకి, ఒకటి వాళ్ళమ్మకి. మర్నాడు పొద్దున పాత బండి గుమ్మం ముందు పెట్టాడు.

"తల్లో పూలు నలుగుతాయిరా" అని గొణుక్కుంటూనే పిన్ని హెల్మెట్ పెట్టుకుంది. వెడల్పాటి సీటు మీద హాయిగా సర్దుకు కూర్చుంది. వంద సీసీ బండి టుకుటుకుమంటూ కోటప్పకొండ దారి పట్టింది.

బాబాయి వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికెళ్ళి పేపరు చదువుకున్నాడు.