మీకు తెలుసా? సగంలో ఆగిన కవుల కథలు

జర్మన్ మహాకవి గేటే 1749 నుంచి 1832 దాకా బతికాడు. ఆయన జీవితాన్ని మూడు సంపుటాల్లో రాయాలని కేంబ్రిడ్జి ఆచార్యుడు నికొలస్ బాయిల్ పూనుకున్నారు. మొదటిది 1991లో, రెండోది 2000లో వచ్చాయి. రెండూ దిండంత లావు. అయినా కథ 1803 దగ్గరే ఆగింది. గేటే నాటకం ‘ఫౌస్ట్’ మొదటి భాగం అచ్చయిన 1808 ఇంకా రానేలేదు!

ఇలాంటిదే మన మదురైలోనూ ఉంది. తెలుగు నాయక రాజుల ఆస్థానంలో, సుమారు 1600 ప్రాంతంలో పుట్టిన ‘రాయవాచకము’. కథానాయకుడు ‘ఆముక్తమాల్యద’ కవి శ్రీకృష్ణదేవరాయలు. రాసినవాడి పేరు తెలియదు. మదురై పాలకుడు విశ్వనాథనాయని స్థానాపతి అని మాత్రమే అంటారు. స్థానాపతి అంటే రాజు తరఫున పరాయి కొలువులో ఉండే దూత. అందుకే కాబోలు, పుస్తకమంతా యజమానికి పంపిన నివేదికలా, పద్యాల ఆర్భాటం లేకుండా వాడుక వచనంలో సాగుతుంది. సుల్తానుల రాజధానులకు వెళ్లిన వేగులు తిరిగొచ్చి అక్కడి సంగతులు విన్నవించే ఘట్టాలు భలే ఉంటాయి.

అయితే ఇదీ నిండు జీవితచరిత్ర కాదు. రాయలు 1529 దాకా ఏలినా, కథ కళింగ దండయాత్ర, తిరుగు ప్రయాణాలతోనే సరి. కవిగా రాయలను చూడాలనుకునేవారికి కాస్త నిరాశే. ఫిలిప్ వాగనర్ 1993లో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు.