గోడలకు చెవులు, పెట్టెలకు కళ్ళు

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు అనేవారు. ఈ రోజుల్లో గోడల గురించి ఎవరికీ బెంగ లేదు. బెంగంతా బల్ల మీద ఉన్న కంప్యూటరు గురించే. "మనం టైపు చేసేదంతా ఎవరో చూస్తున్నారటగా? తయారు చేసేటప్పుడే లోపల ఏదో చిప్పు పెట్టేస్తారటగా?" అని మనవాళ్ళు నలుగురు చేరిన చోట ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చిప్పులను పరీక్షించే ఉద్యోగం కనక ఆ ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది.

దీనికి మామూలుగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. "అదంతా వట్టి పుకారు" అన్నది ఒకటి. "అన్నీ చూస్తున్నారు, మనం చేయగలిగింది ఏమీ లేదు" అన్నది రెండోది. రెండూ ఆలోచించే శ్రమ తప్పించేవే. వీసా కాగితాల మీద కాపురాలు నడిపే మనలాంటివాళ్ళకి ఈ భయం ఉత్త కాలక్షేపం కబురు కాదు. ఏ మాట ఎవరి కంట పడుతుందో అని మనసులో మాట రాయడం మానుకున్నవాళ్ళు నాకు తెలుసు. అందుకని ఏది పామో, ఏది తాడో కాస్త వెలుతురులో చూద్దాం.

ముందు నిజంగా పామే అయిన కథ చెబుతాను. 1983లో మాస్కోలోని ఫ్రెంచి రాయబార కార్యాలయంలో వార్తలు పంపే టెలిప్రింటరులో దొంగ పరికరం దొరికింది. ఆ కబురు అమెరికాకి చేరింది. 1984లో అమెరికా తన మాస్కో రాయబార కార్యాలయం నుంచి సుమారు 11 టన్నుల యంత్రసామగ్రిని గుట్టుగా వెనక్కి రప్పించి, దాని స్థానంలో వేరే సామగ్రి పంపింది. తెచ్చినవాటిని జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ నిపుణులు ఒక్కొక్కటిగా ఎక్స్‌రే తీశారు. ఒక ఐబీఎం సెలెక్ట్రిక్ టైపురైటరు స్విచ్చిలో ఉండకూడని తీగచుట్ట ఒకటి కనిపించింది. ఇంకా వెతికితే, లోపలి లోహపు కడ్డీ ఒకటి అసలు కడ్డీ కాదని, దాన్ని తొలిచి అందులో ఎలక్ట్రానిక్ పరికరం అమర్చారని తేలింది. మొత్తం 16 టైపురైటర్లలో అలాంటివి బయటపడ్డాయి. మొదటివి 1976 నాటివి. అంటే ఎనిమిదేళ్ళ పాటు ఆ టైపురైటర్ల మీద కొట్టిన అక్షరాలు సోవియట్ గూఢచారుల చేతికి అందుతూనే ఉన్నాయన్నమాట!

ఆ యంత్రం పనిచేసిన తీరు చూస్తే ముక్కు మీద వేలేసుకోవాలి. సెలెక్ట్రిక్‌లో అక్షరాలన్నీ ఒక బంతి మీద ఉంటాయి. ఏ మీట నొక్కితే బంతి ఎటు తిరగాలో లోపలి చిన్న చిన్న కడ్డీల కదలిక నిర్ణయిస్తుంది. దొంగ పరికరం ఆ కదలికని అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పుల ద్వారా పసిగట్టి, పోగుచేసి, గుప్పున ఒక్కసారి రేడియో తరంగాలుగా విసిరేది. అదీ స్థానిక టీవీ ప్రసారాల పక్కనే, వాటి హోరులో కలిసిపోయేటట్టు. తనిఖీ జరిగేటప్పుడు దూరం నుంచే దాన్ని ఆపేసే ఏర్పాటు కూడా ఉంది.

ఈ కథలో మనకి పనికొచ్చే గీటురాయి ఒకటి ఉంది. దొంగ పరికరం ఏదైనా మూడు పనులు చేయాలి. ఎక్కడో ఒకచోట కూర్చోవాలి, దేన్నుంచో కరెంటు తాగాలి, చూసినదాన్ని ఎలాగో బయటికి పంపాలి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని కథని పట్టుకుని నిద్ర మానుకోనక్కర లేదు. వీటికి నాలుగో ప్రశ్న కూడా చేర్చుకోవచ్చు: ఇంత ఖర్చు నా కోసం ఎవరు పెడతారు? 2013 డిసెంబరులో జర్మనీ పత్రిక 'డెర్ ష్పీగెల్' ఎన్‌ఎస్‌ఏ వారి గూఢచారి పరికరాల జాబితాని బయటపెట్టింది. అందులో 'కాటన్‌మౌత్' అనే పరికరం చూడటానికి మామూలు యూఎస్‌బీ తీగ కొసలాగే ఉంటుంది. దాని లోపల రేడియో ఉంది. 50 పరికరాల ధర పది లక్షల డాలర్ల పైచిలుకు. అంటే ఒక్కొక్కటి సుమారు 20 వేల డాలర్లు. పరికరం నిజం. అది మన ఇంటి కంప్యూటరుకి తగిలించి ఉంటుందనుకోవడం మాత్రం మనల్ని మనం కొంచెం ఎక్కువ అంచనా వేసుకోవడమే.

ఇక తాడో పామో ఇప్పటికీ తేలని కథ ఒకటుంది. 2018 అక్టోబరులో బ్లూంబర్గ్ వారపత్రిక ఒక పెద్ద కథనం ప్రచురించింది. సూపర్‌మైక్రో అనే సంస్థ సర్వర్ల బోర్డుల మీద, చైనాలో తయారయ్యేటప్పుడే, బియ్యపు గింజంత చిప్పు అతికించారని, ఆ బోర్డులు యాపిల్, అమెజాన్ లాంటి సంస్థలకి చేరాయని దాని సారాంశం. ఆ సంస్థలన్నీ నిర్ద్వంద్వంగా కాదన్నాయి. వారి మాటని శంకించడానికి కారణం కనిపించటం లేదని అమెరికా, బ్రిటన్ ప్రభుత్వ శాఖలు అన్నాయి. పత్రిక తన మాట మీదే నిలబడి 2021లో మరో కథనం కూడా రాసింది. కాని ఆ చిప్పుని బల్ల మీద పెట్టి "ఇదిగో" అని లోకానికి చూపించినవారు మాత్రం లేరు. సాంకేతికంగా అది అసాధ్యమేమీ కాదు. సాధ్యం వేరు, సాక్ష్యం వేరు.

మూడో రకం వింతైనది. అందులో దాచింది ఏమీ ఉండదు, చెప్పినదీ ఉండదు. 2008 నుంచి వచ్చిన దాదాపు ప్రతి ఇంటెల్ కంప్యూటరులోనూ, మనం వాడే కంప్యూటరు లోపల మరో బుల్లి కంప్యూటరు ఉంటుంది. దాన్ని మేనేజ్‌మెంట్ ఇంజన్ అంటారు. దానికి తన సొంత ప్రోగ్రాములు ఉన్నాయి. మనం మిషను ఆపేసినా, ప్లగ్గు గోడకి ఉన్నంతసేపు అది మెలకువగా ఉండగలదు. వేలకొద్దీ మిషన్లున్న కార్యాలయాలు వాటిని దూరం నుంచి బాగుచేసుకోవడానికి ఇలాంటి ఏర్పాటు ఉపయోగం. అయితే 2017 మేలో దీని మీద ఆధారపడ్డ ఒక సదుపాయంలో ఘోరమైన లోపం బయటపడింది: సంకేతపదం అడిగిన చోట ఖాళీ జవాబు పంపినా తలుపు తెరుచుకుంటోంది! అదే ఏడాది రష్యా పరిశోధకులు మరో సంగతి కనిపెట్టారు. అమెరికా ప్రభుత్వ భద్రతా కార్యక్రమం ఒకదాని అవసరాల కోసం ఈ బుల్లి కంప్యూటరుని నిద్రపుచ్చే మీట ఒకటి లోపల ఉంది. కొనుక్కున్న మనకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇది గూఢచర్యమని నేను అనను. కాని మన ఇంట్లో తాళం చెవి లేని గది ఒకటి ఉందంటే, లోపల ఎవరూ లేకపోయినా, అడిగే హక్కు మనకి ఉంది.

అడిగితే ఫలితం ఉంటుందనడానికి దాఖలా ఉంది. 1999లో ఇంటెల్ ప్రతి పెంటియం 3 చిప్పుకీ ఒక గుర్తింపు సంఖ్య తగిలించింది. వెబ్‌సైట్లు దాన్ని చదివి మనిషిని వెంటాడవచ్చని పౌరసంఘాలు గోల చేశాయి. పెంటియం 4 వచ్చేసరికి ఆ సంఖ్య పోయింది. 1993లో క్లింటన్ ప్రభుత్వం ప్రతిపాదించిన 'క్లిప్పర్' చిప్పుదీ అదే గతి. టెలిఫోను సంభాషణలని రహస్యలిపిలోకి మార్చే ఆ చిప్పుకి మారు తాళం ప్రభుత్వం దగ్గర ఉంటుందన్నారు. జనం కొనలేదు, శాస్త్రవేత్తలు లోపాలు చూపించారు, మూడేళ్ళలో మూలపడింది.

మన ఇళ్ళకి చేరిన నిఘా పరికరం ఏదైనా ఉందంటే అది ప్రింటరు. రంగుల లేజరు ప్రింటర్లలో చాలావాటిలో, అచ్చయిన ప్రతి పేజీ మీదా కంటికి ఆనని పసుపు చుక్కలు పడతాయి. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2005లో జిరాక్స్ ప్రింటరు ఒకదాని చుక్కల భాషని విప్పింది. అవి చెప్పేది ప్రింటరు క్రమసంఖ్య, అచ్చయిన తేదీ, వేళ. దొంగనోట్లు పట్టుకోవడానికి చేసిన ఏర్పాటట. ఉగాది సంబరాలకి మనం ఇంట్లో వేసే కరపత్రాల మీదా ఆ చుక్కలు ఉండవచ్చు. నీలం లైటు, భూతద్దం ఉంటే పిల్లలతో కలిసి వెతకండి, మంచి వినోదం.

ఇక తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవలసిన కథ. ఫిలడెల్ఫియా పక్కన లోయర్ మెరియన్ అనే ఊళ్ళో, మంచి బడులున్న చోట, హైస్కూలు పిల్లలందరికీ బడివాళ్ళే లాప్‌టాప్‌లు ఇచ్చారు. పోయిన మిషను దొరకబుచ్చుకోవడానికని అందులో ఒక ప్రోగ్రాము పెట్టారు. అది దూరం నుంచి కెమేరాని తెరిచి ఫొటోలు తీయగలదు. కెమేరా పక్కన పచ్చ దీపం ఉన్నట్టుండి వెలుగుతోందని కొందరు పిల్లలు గమనించారు కూడా. 2010 ఫిబ్రవరిలో ఒక కుటుంబం కోర్టుకెక్కాక సంగతి రచ్చకెక్కింది. ఫొటోలు, తెర మీది బొమ్మలు కలిపి 50,000 పైగా పోగయ్యాయి. వాటిలో పడకగదిలో నిద్రపోతున్న పిల్లవాడి బొమ్మ కూడా ఉంది. చివరికి బడివారు 6,10,000 డాలర్లు ఇచ్చి రాజీపడ్డారు.

ఇందులో రహస్యపు చిప్పు ఏదైనా ఉందా? లేదు. దుకాణంలో దొరికే మామూలు కెమేరా, కొనుక్కునే ప్రోగ్రాము. మిషను ఎవరిదో వాళ్ళే చూశారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఉండనే ఉంది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన లాప్‌టాప్‌దీ అదే సంగతి. ఉద్యోగంలో చేరిన రోజు మనం చదవకుండా సంతకం పెట్టిన కాగితాల్లో, "ఈ మిషను మీద జరిగేదంతా చూసే అధికారం మాకుంది" అన్న వాక్యం సాధారణంగా ఉంటుంది. దేశం కాని దేశంలో అదృశ్యమైన చిప్పుకి భయపడుతూనే, అదే లాప్‌టాప్‌లో ఇంటి పన్నుల కాగితాలు, పాస్‌పోర్టు నకళ్ళు, మరో ఉద్యోగానికి దరఖాస్తులు దాచుకునేవాళ్ళం మనం.

కనక చేయవలసినవి కొన్నే. ఆఫీసు మిషను ఆఫీసుకే. ఇంటి సంగతులకి మరోటి, పాతదైనా సరే. పది మంది వాడే చోట కీబోర్డు తీగకి, కంప్యూటరుకి మధ్య బొటనవేలంత ముక్క ఏదైనా ఉందేమో చూడండి. మీటల జాడ తీసే అలాంటి పరికరాలు ఎవరైనా కొనుక్కోగలిగేంత చవక. కెమేరా వాడనప్పుడు కాగితం ముక్క అంటించండి. ఎఫ్‌బీఐ అధిపతిగా ఉండగా జేమ్స్ కోమీ తానూ అదే చేస్తానని 2016లో చెప్పారు. తయారీదారులు పంపే సవరణలు వాయిదా వేయకండి. పిల్లలకి బడివాళ్ళు మిషను ఇస్తే, ఎవరు చూడగలరు, ఎప్పుడు చూడగలరు, చూసినట్టు మాకు చెబుతారా అని రాతపూర్వకంగా అడగండి. కొత్తగా వచ్చినవాళ్ళమని మొహమాటపడనక్కర లేదు.

అనుమానం చెడ్డది కాదు. మాస్కోలో ఎవరో అనుమానించబట్టే ఆ కడ్డీ దొరికింది. వాళ్ళు భయపడి టైపు చేయడం మానలేదు, విప్పి చూశారు. మనం విప్పి చూడగలిగినవి చాలావరకు చిప్పులు కావు, మనం సంతకాలు పెట్టిన కాగితాలు.