రుబాబు అనే మాట వెనక

హైదరాబాద్‌లోని యూసుఫ్‌గూడ పేరులో రెండు భాషలు కలిసి కాపురం చేస్తున్నాయి. ముందున్నది అరబ్బీ నుంచి వచ్చిన మనిషి పేరు, వెనకది మన గూడెం. 'రుబాబు' కూడా ఆ దారినే వచ్చి తెలుగైపోయిన మాట. ఉర్దూలో 'రోబ్' అంటే ఎదుటివాణ్ణి చూడగానే కలిగే జంకు. అక్కడ దానికి గౌరవమూ ఉంది, నిండైన మనిషిని 'బారోబ్' అని మెచ్చుకుంటారు. తెలుగులో 'రువాబు' అన్నప్పుడు ఆ మెప్పు కొంత మిగిలింది. 'రుబాబు' అన్నామా, ఇక అది నిందే. పక్కన చేరే క్రియలే చూడండి. అధికారం ఉంటుంది, పెద్దరికం దక్కుతుంది, రుబాబు మాత్రం 'చేస్తారు'. అది మనిషికి ఉన్న గుణం కాదు, ఎదుటివాడి మీద చేసే పని అని మన భాష ఎప్పుడో తేల్చేసింది.

నిజాం రాజ్యంలో పాలన మొదట పారశీకంలో, 1880ల నుంచి ఉర్దూలో సాగింది. దఫ్తరు, మిసిలు, తహసీలు, అమీన్, జమేదారు వంటి మాటలు పల్లెకు అలా చేరాయి. కాగితంలో ఏముందో తెలుగు రైతుకు తెలియదు. చదివి చెప్పేవాడి దయ మీదే అతని పని నడిచేది. రుబాబుకు అసలు బలం ఇదే: పెద్ద పదవి కాదు, ఎదుటివాడి తెలియనితనం. పని చేసిపెట్టే శక్తి లేనివాడికి కూడా ఆపే శక్తి ఉంటుంది. అలాగని దోషం నిజాం మీదో, ఉర్దూ మీదో వేస్తే పొరపాటే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడనే సామెత తెలుగువాళ్లందరిదీ. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ, కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. పదవులు పోయినా రుబాబు పోలేదు, దాని గుట్టు పదవిలో లేదు కనుక.

నిబంధన పాటించే ఉద్యోగిని కూడా జనం ఇదే మాటతో తిడతారని ఒక అభ్యంతరం ఉంది. అది న్యాయమైనదే. యూసుఫ్‌గూడ పోలీసు బెటాలియన్ గేటు దగ్గర జవాను గుర్తింపు కార్డు అడిగితే అది కాపలా, రుబాబు కాదు. తేడా గొంతులో లేదు, కారణం చెప్పడంలో ఉంది. మెత్తగా నవ్వుతూ "రేపు రండి" అని, ఎందుకో చెప్పకుండా పదిసార్లు తిప్పడమూ రుబాబే. కింది ఉద్యోగినే ఎందుకు అంటారు, పైవాళ్లు అతణ్ణి అంతకన్నా చులకనగా చూడరా అని మరికొందరు అడుగుతారు. నిజమే, చూస్తారు. కానీ ఆ అవమానానికి బదులు కిటికీ ముందు నిలబడ్డ ముసలమ్మ తీర్చాలా? చిన్న ఉద్యోగం ఎవరినీ తక్కువ చేయదు. ఆమెను తిప్పడం తక్కువతనం.

2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఈ తెలియనితనం మీదే దెబ్బ కొట్టింది. దరఖాస్తుదారుణ్ణి "ఈ సమాచారం నీకెందుకు?" అని అడిగే వీలు లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. కాదంటే ఏ కారణంతో కాదంటున్నారో, దాని మీద ఎవరికి అప్పీలు చేసుకోవాలో రాసివ్వాలి. ఈసారి మీ ఫైలు ఆగితే తెల్లకాగితం మీద అడగండి, రసీదు తీసుకోండి.