దావత్ పళ్లెం, ఇంటి పళ్లెం

హైదరాబాద్ పాత బస్తీలో పెళ్లి దావత్ చూశారా? రాత్రి 11, 12 గంటలకు గానీ భోజనాలు మొదలు కావు. ముందు హలీం. తర్వాత బిర్యానీ, మిర్చీకా సాలన్. ఆఖరున ఖుబానీకా మీఠా, డబుల్ కా మీఠా. అతిథి చాలు అంటాడు. ఇంటాయన ఊరుకోడు, ఇంకో గరిటె వేస్తాడు. వేయకపోతే ఆయన పరువు పోతుంది. వద్దంటే ఈయన మర్యాద పోతుంది. ఎక్కువ తినేవాళ్లను తిండిపోతులు అంటాం. కానీ ఇక్కడ తినిపిస్తున్నది ఆకలి కాదు, మొహమాటం.

ఈ దావత్ కోసం అప్పు చేసేవాళ్లు ఎందరో. అప్పు తీరేదాకా ఆ ఇంట్లో చాయ్, బన్నుతోనే పూట గడుస్తుంది.

పూర్వం పొట్ట ముందుకొస్తే 'కలిగినవాడు' అనేవాళ్లు. ఆ లెక్క ఇప్పుడు తప్పింది. లాడ్ బజార్‌లో మెరిసే లక్క గాజులు ఎవరు చేస్తారు? బస్తీలోని పేదవాళ్లే. పొద్దంతా పొయ్యి ముందు కూర్చుని చేసే పని అది. ఒంటికి కదలిక ఉండదు. తిండి ఏమిటి? మైదా, చక్కెర, నూనె. ఇవి చవక. వీటితో కడుపు నిండుతుంది, ఒళ్లు వస్తుంది. రక్తం మాత్రం పట్టదు. లావుగా ఉన్న మనిషికి రక్తం తక్కువంటే నమ్మం గానీ, అది నిజం.

2019-21లో ప్రభుత్వం ఇంటింటి ఆరోగ్య సర్వే చేయించింది. తెలంగాణలో ప్రతి 10 మంది ఆడవాళ్లలో ముగ్గురు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. దాదాపు ఇద్దరు తక్కువ బరువున్నారు. సగం మందికి పైగా రక్తం తక్కువ.

ఇంకో సంగతి. ఇంట్లో అందరూ తిన్నాక ఆఖరున తినేది ఎవరు? తల్లే. కూర అయిపోతుంది, అన్నం మిగులుతుంది. పారేయడానికి చేతులు రావు. ఆకలి లేకపోయినా తినేస్తుంది. దీన్ని తిండిపోతుతనం అందామా?

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చింది. ఏం తినాలో 2024లో కొత్తగా చెప్పింది. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలట. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దట. మాట మంచిదే. కానీ కూలి డబ్బులతో సగం పళ్లెం కూరగాయలు కొనడం తేలిక కాదు. అయినా చాయ్‌లో ఒక చెంచా చక్కెర తగ్గించడానికి డబ్బు అక్కర్లేదు. తల్లి కూడా అందరితో పాటు కూర్చుని కూర వడ్డించుకోవడానికి అసలే అక్కర్లేదు.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ జబ్బు ఉందని 2023లో లెక్క తేలింది. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. తెలిసేసరికి కళ్లు, కిడ్నీలు, కాళ్లు దెబ్బతింటాయి. బస్తీ దవాఖానాలు 2018 నుంచి నడుస్తున్నాయి. అక్కడ షుగర్ పరీక్షకు డబ్బు తీసుకోరు. పొద్దున్నే వెళ్లండి. చాయ్ కూడా తాగకుండా, పరగడుపున వెళ్లాలి.