మెట్ట సేద్యంలో పంట–పశువు సమన్వయం: ముందు మేత, ఆ తరువాత మంద

ఆదిలాబాద్ ప్రాంతంలో శ్రావణ అమావాస్య నాడు రైతులు పొలాల పండుగ జరుపుకుంటారు. ఆ రోజు ఎడ్లకు నాగలి నుండి విశ్రాంతినిచ్చి, కడిగి, అలంకరించి, పూజించి ఊరేగిస్తారు. ఎద్దు దుక్కికి బలాన్ని, నేలకు ఎరువును ఇచ్చేది. చేను ఎద్దుకు మేతనిచ్చేది. సమగ్ర వ్యవసాయ విధానమని నేడు మనం బోధిస్తున్న దానికి ఈ పరస్పర ఆధారమే పునాది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మెట్ట భూములలో ఈ బంధం సడలడానికి గల కారణాన్ని గుర్తించకుండా చిన్న, సన్నకారు రైతులకు పశువులను అందజేసినంత మాత్రాన సమన్వయం సిద్ధించదు.

తెగిన లంకె

ఈ ప్రాంతపు నల్లరేగడి, చల్కా నేలలలో జొన్న ఒకప్పుడు ప్రధాన ఆహార పంట. గింజ మనిషికి, చొప్ప పశువుకు చెందేవి. జొన్న స్థానాన్ని క్రమంగా పత్తి, సోయాచిక్కుడు, మొక్కజొన్న ఆక్రమించాయి. పత్తి రైతుకు నగదునిచ్చింది కాని కొట్టంలోకి ఎండుమేత తేలేదు. ట్రాక్టరు రాకతో ఎడ్లు, వాటితో పాటు పెంట కుప్పలు తగ్గాయి. శ్రీరాంసాగర్ కాలువల కింద వరి విస్తరించినప్పటికీ, యంత్రపు కోతల తరువాత గడ్డిని పొలంలోనే కాల్చివేయడం సాధారణమైంది. ఒకచోట మేత కాలిపోతుండగా సమీపంలోని మెట్ట గ్రామంలో మేత లేక పశువులను అమ్ముకోవడం మన ప్రాంతపు వైపరీత్యం.

మరొక వైపు గొర్రెల సంఖ్య పెరిగింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీపై పంపిణీ చేపట్టింది. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం సుమారు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో ప్రథమ స్థానంలో నిలిచింది. మంద పెరిగినప్పుడు మేత ఎక్కడినుండి వస్తుందన్నది వ్యవసాయ శాస్త్రవేత్తలు సమాధానం చెప్పవలసిన ప్రశ్న.

ఒక చిన్న లెక్క

సుమారు 25–30 కిలోల బరువు గల గొర్రెకు రోజుకు దాదాపు 0.9 కిలోల పొడి పదార్థం అవసరం. 21 జీవాలకు ఇది రోజుకు 19 కిలోలు, ఏడాదికి దాదాపు 7 టన్నులు. రెండెకరాల మెట్ట రైతు దీనినంతటినీ తన చేనులో పండించలేడు. అయితే వానకాలంలోను, పంట కోతల అనంతరం చేలలోను మేపు లభిస్తుంది. అసలు కొరత మాఘం దాటిన తరువాత తొలకరి వరకు గల సుమారు 120 రోజులది. ఆ కాలంలో సగం మేతను ఇంటి నుండి సమకూర్చినా 1.1 టన్నులు సరిపోతుంది. అర ఎకరా వానకాలపు జొన్న నుండి సుమారు ఒక టన్ను చొప్పను ఆశించవచ్చు. మిగిలిన లోటును కంది పొట్టు, సోయా పొట్టు పూరించగలవు. చొప్పను ముక్కలుగా నరికి వేయనిచో కాండం భాగం వృథా అవుతుంది.

అనగా సమస్య పరిష్కారానికి అతీతమైనది కాదు. పత్తి విస్తీర్ణంలో అర ఎకరాను విడిచిపెట్టడానికి రైతును ఒప్పించడమే కష్టం. ఆ అర ఎకరా పత్తి రాబడిని, ఎండాకాలంలో తప్పనిసరై అమ్ముకునే జీవాల విలువను పక్కపక్కన ఉంచి చూపితేనే అతడు ఆలోచిస్తాడు.

ఆచరణకు తగిన మెలకువలు

పత్తిలో కందిని అంతర పంటగా వేయడం వలన పప్పుతో పాటు పొట్టు దక్కుతుంది. చల్కా నేలల గట్లపై, బీడు భూములలో స్టైలో గడ్డిని, గట్ల వెంట సుబాబుల్, అవిశ చెట్లను పెంచవచ్చు. బెట్టకు గురైన లేత జొన్నను, కోసిన మోళ్ళ నుండి వచ్చే నామును జీవాలకు మేపరాదు. అందులోని విషపదార్థం ప్రాణాంతకం.

పత్తి చివరి ఏరివేత తరువాత చేనులో జీవాలను మేపితే మిగిలిన కాయలలోని గులాబీ రంగు పురుగు ఉధృతి కూడ తగ్గుతుంది. అయితే ఇటీవల పురుగుమందు చల్లిన చేనులోనికి వాటిని తోలరాదు.

వరిగడ్డి లభించే గ్రామాలలో 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 40–50 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచితే మాంసకృత్తుల శాతం, జీర్ణయోగ్యత పెరుగుతాయి. ఈ గడ్డిని కొంతసేపు ఆరబెట్టి పెద్ద పశువులకు క్రమంగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు.

ఎండాకాలంలో చేనులో గొర్రెల మంద పెట్టించుకోవడం గొల్ల, కురుమ కుటుంబాలకు, రైతులకు మధ్య తరతరాలుగా ఉన్న ఏర్పాటు. మామూలు పశువుల ఎరువు టన్నుకు సుమారు 5 కిలోల నత్రజని మాత్రమే ఉంటుంది. గొర్రెల పెంటలో అంతకు మించి ఉంటుంది. మంద రాత్రంతా చేనులోనే ఉండడం వలన కొట్టంలో వృథా అయ్యే మూత్రం కూడ నేలకు చేరుతుంది. మంద లేచిన వెంటనే గుంటక తోలి పెంటను మట్టిలో కలపాలి. సొంత జీవాలు లేని రైతు సైతం ఈ మార్గంలో సమన్వయంలో భాగస్వామి కాగలడు.

విస్తరణ విభాగపు బాధ్యత

మన నివేదికలలో పంపిణీ చేసిన యూనిట్ల సంఖ్య ఉంటుంది. రెండవ వేసవి గడిచిన తరువాత ఎన్ని జీవాలు మిగిలాయన్న వివరం అరుదు. సమన్వయానికి సరియైన కొలమానం ఈ రెండవ సంఖ్యయే. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వెళ్ళే విద్యార్థులు ప్రతి రైతు కుటుంబానికి నెలవారీ మేత పట్టికను తయారు చేయాలి. ఏ నెలలో ఎంత అవసరం, ఎంత లభ్యం, లోటు ఎంత అన్న మూడు గడులు చాలు. ఆ పట్టికలో లోటు పూడిన తరువాతనే జీవాల సంఖ్యను నిర్ణయించమని సూచించాలి. కొట్టంలో మేత లేని రైతుకు ఇచ్చిన జీవం ఆస్తి కాదు, భారం.