పర్యావరణ ప్రభావ మదింపు

సిమెంటు ఫ్యాక్టరీ కట్టాలన్నా, పెద్ద గని తవ్వాలన్నా చుట్టుపక్కల నీరు, గాలి, పొలం ఏమవుతాయో ముందే లెక్కగట్టాలి. ఆ లెక్కే పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ). మన దేశంలో 1994లో తప్పనిసరైంది. ఇప్పుడు నడుస్తున్నది 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్. నివేదిక రాసే కన్సల్టెంటుకు ఫీజు ఇచ్చేది మాత్రం కంపెనీయే!

ఊరివాళ్లు నోరు విప్పే చోటు ప్రజాభిప్రాయ సేకరణ. కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. కలెక్టరో, ఆయన ప్రతినిధో అధ్యక్షత వహిస్తారు. సభనంతా వీడియో తీస్తారు. ఎవరేమన్నారో చివర్లో తెలుగులో చదివి వినిపించాలి. కోరం నిబంధన లేదు, పదిమందే వచ్చినా సభ జరిగినట్టే. ఓటింగూ ఉండదు. అందరూ వద్దన్నంత మాత్రాన ప్రాజెక్టు ఆగిపోదు, ఆ అభ్యంతరాలకు కంపెనీ జవాబు చెప్పుకోవాలంతే.

సభ దాకా రాని వ్యవహారమూ ఒకటుంది. తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల అడవుల్లో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. అక్కడ 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. గని కాదు, బోర్లు వేసి చూడటమే అన్నా నల్లమల జనం ఊరుకోలేదు. అదే ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. వ్యవహారం మదింపు దాకా పోలేదు.

2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. యురేనియం ఆ జాబితాలోదే. ఇకపై అలాంటి గనికి నివేదిక ఉంటుంది, ఊళ్లో సభ ఉండదు.