వానలో టైరు ఎందుకు జారుతుంది? మంచిది ఎలా ఎంచుకోవాలి?

ఎందుకు?
చెన్నై వ్యాసర్పాడిలో గట్టి వాన పడితే గణేశపురం సబ్‌వేలో నీళ్లు నిలుస్తాయి, చుట్టుపక్కల రోడ్లన్నీ తడిసి ముద్దవుతాయి. తడి రోడ్డు మీద నీటిని పక్కలకు తోసేయడానికే టైరుకు గాడులుంటాయి. అవి అరిగిపోతే, వేగంగా పోయే కారు టైరు నీటిపొర మీద తేలిపోతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు నొక్కినా కారు మాట వినదు.

మెత్తటి రబ్బరు రోడ్డును బాగా పట్టుకుంటుంది కానీ త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, పట్టు తక్కువ. రోజూ ఆఫీసుకు తిప్పే స్పోర్ట్స్ తరహా కారుకు మధ్యరకమే మేలు.

ఎలా?
టైరు పక్కగోడ చదవండి. ‘195/55 ఆర్ 16 87 వి’ అని ఉందనుకోండి: వెడల్పు 195 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. 87 అంటే 545 కిలోలు మోస్తుంది. ‘వి’ అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. తయారీ తేదీ అంకెలు ‘2324’ అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం.

గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున్న చిన్న దిమ్మెలుంటాయి. రబ్బరు వాటితో సమానమైతే టైరు మార్చాల్సిందే. డబ్బు సరిపోకపోతే చవక బ్రాండు కొనొచ్చు. సైజు, తయారీ తేదీ విషయంలో మాత్రం రాజీ పడొద్దు.